రిటైరయ్యాక మెక్సికోలో కాపురం: మన గోదావరి వాళ్ళకి నాకు తెలిసిన సంగతులు

సంక్రాంతికి ఊరొచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. "అక్కడ ఎలా ఉంటున్నారు వదినా, బియ్యం దొరుకుతాయా, మాట ఎలా, ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు?" అని. పాలకొల్లు పక్కన మా ఊళ్ళో కాలవ గట్టు మీదున్న ఇంట్లో కూర్చుని, అందరికీ పనికొస్తుందని ఇదంతా ఒకచోట రాస్తున్నాను. మా అబ్బాయి మెక్సికోలో గ్వాదలహారా అనే పట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. నేను హైస్కూల్లో టీచరుగా రిటైరయ్యాను, మా ఆయన రొయ్యల చెరువులు లీజుకిచ్చేశారు, ఆ తర్వాత ఇద్దరం వెళ్ళాం. ఇది నాలుగో ఏడు. సంక్రాంతికి ఒక నెల ఇక్కడ, మిగతా అంతా అక్కడే.

అన్నిటికన్నా ముందు ఒక మాట. అబ్బాయి ఇంటికి వెళ్తున్నాం అనుకుని వెళ్ళకండి, ఆ ఊరికి వెళ్తున్నాం అనుకుని వెళ్ళండి. మొదటి మూడు నెలలు నేను చేసిన తప్పు అదే. అబ్బాయీ కోడలూ ఆఫీసుకెళ్తే తలుపు వేసుకుని, టీవీలో మన సీరియళ్ళు పెట్టుకుని, సాయంత్రం వాళ్ళొచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. కూరగాయలు కూడా వాళ్ళే ఆన్‌లైన్‌లో తెప్పించేవారు. ఒకరోజు ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయాయి, సంచీ పట్టుకుని నేనే వీధిలోకి వెళ్ళాను. నాకు ఆ ఊరు పరిచయమైంది ఆరోజే.

ఇక కాగితాలు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా లేకుండానే టూరిస్టుగా 180 రోజుల వరకూ వెళ్ళొచ్చు. ఒకసారి అలా వెళ్ళి చూసి రావడం మంచిది. నిజంగా కాపురం పెట్టాలంటే మాత్రం రెసిడెన్సీ కావాలి, దానికి ఢిల్లీలో ఉన్న మెక్సికో ఎంబసీలో ముందే అప్లై చెయ్యాలి. అబ్బాయికో అమ్మాయికో అక్కడ రెసిడెన్సీ ఉంటే తల్లిదండ్రులుగా కుటుంబం కింద అడగొచ్చు. లేదంటే మన పెన్షనూ బ్యాంకులో డబ్బూ చూపించి అడగొచ్చు. ఎంత చూపించాలన్నది మారుతూ ఉంటుంది కాబట్టి ఎవరో రెండేళ్ళ కిందట చెప్పిన అంకె నమ్ముకోకుండా ఎంబసీనే అడగండి. తాత్కాలిక రెసిడెన్సీ మొదట ఏడాదికి ఇస్తారు, తర్వాత పొడిగించుకుంటూ మొత్తం నాలుగేళ్ళు ఉండొచ్చు, ఆపైన శాశ్వతం.

మన తరం వాళ్ళకి అసలు తలనొప్పి పెళ్ళి సర్టిఫికెట్టు. మా పెళ్ళి ఊళ్ళో పందిట్లో జరిగింది, శుభలేఖా ఫోటో ఆల్బమూ తప్ప ఏమీ లేదు. అరవై దాటాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నాం, తర్వాత అపోస్టిల్ (మన కాగితం విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర), ఆపైన స్పానిష్ అనువాదం. అదీ ఎవరో చేసింది చెల్లదు, అక్కడ గుర్తింపు ఉన్న అనువాదకుడే చెయ్యాలి. ఇంకోటి, మన ఇంటిపేరు గొడవ. నా టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటివారి ఇంటిపేరు, ఆధార్లో అత్తింటిది, పాస్‌పోర్టులో పొడి అక్షరాలు. మెక్సికోలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, నాన్నది ఒకటి, అమ్మది ఒకటి, పెళ్ళయినా ఆడవాళ్ళు మార్చుకోరు. అలాంటి చోట మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే వాళ్ళకి అర్థం కాదు. అపోస్టిల్‌కి పంపే ముందే అన్నిటిలో పేరు ఒకేలా చేయించుకోండి, దీనికి నాలుగైదు నెలలు పట్టినా సరే.

ఎయిర్‌పోర్టులో దిగాక ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గర తొందరపడి ముందుకు నడిచేయకండి. రెసిడెన్సీ వీసా మీద వచ్చినవాళ్ళకి 30 రోజులని రాయాలి. ఆ 30 రోజుల లోపు వలస ఆఫీసులో కార్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ పనిని కాన్‌హె అంటారు. మాకు పొరపాటున టూరిస్టులకి రాసినట్టు 180 రాసేశారు, మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని అక్కడే చదివారు కాబట్టి సరిపోయింది. కార్డుతో పాటు కుర్ప్ అని 18 అక్షరాలూ అంకెల నంబరు వస్తుంది, మన ఆధార్ నంబరులా అన్నిటికీ అదే అడుగుతారు. అరవై దాటిన వాళ్ళకి ఇనాపామ్ కార్డు ఉంటుంది, బస్సుల్లో, మందుల షాపుల్లో తగ్గింపు. రెసిడెన్సీ చేతికొచ్చాక దాని గురించి అడగండి. ప్రయాణం అమెరికా మీదుగా పెట్టుకుంటే విమానం మారడానికి కూడా వీసా ఉండాలి, లేనివాళ్ళు ఇస్తాంబుల్ మీదుగా టికెట్ చూసుకోండి.

సామాన్లలో మిక్సీ పెట్టకండి. అక్కడ కరెంటు 127 వోల్టులు, మన 230 వోల్టుల మిక్సీ తిరగదు. గ్రైండరూ అంతే. కుక్కరు మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి, రెండు గాస్కెట్లు ఎక్కువగా. ఎందుకంటే గ్వాదలహారా సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కాబట్టి కందిపప్పు గిన్నెలో పెడితే గంటైనా పలుకు పలుకుగానే ఉంటుంది. మూడు విజిల్స్ పెట్టేవాళ్ళు ఐదు పెట్టాలి. మొదటి రెండు వారాలు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కంగారు పడకండి, పుట్టినప్పట్నుంచీ సముద్రం పక్కన పల్లంలో ఉన్నవాళ్ళం కదా. మెక్సికో సిటీ అయితే 2,240 మీటర్లు, అక్కడ ఇంకా ఎక్కువ. గుండె జబ్బున్నవాళ్ళు డాక్టరుని అడిగే వెళ్ళాలి.

ఇల్లు అబ్బాయి ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, కానీ వేరుగా తీసుకోండి. పాత కాలనీలో, వీధిలో సంత జరిగేచోట అయితే మరీ మంచిది. అమెరికా, కెనడా రిటైర్డ్ వాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడికి గంట దూరంలో చపాలా సరస్సు ఒడ్డున, అహిహిక్ అనే ఊళ్ళో. సరస్సు చూడ్డానికి గోదావరి వెడల్పు గుర్తొస్తుంది, మెక్సికోలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అదే. ఇంగ్లీషుతో బతికేయాలనుకుంటే ఆ ఊరు సుఖం. నేను మాత్రం పట్నమే ఎంచుకోమంటాను, చుట్టూ స్పానిష్ ఉంటేనే నోరు తిరుగుతుంది. ఇంట్లో సంపు, పైన ట్యాంకు, మోటారు, అన్నీ మనలాగే. కొళాయి నీళ్ళు తాగకూడదు. 20 లీటర్ల టిన్ను నీళ్ళు ఇంటికే వస్తాయి, గర్రఫోన్ అంటారు. మన ఊళ్ళో ఆటోలో వేసే టిన్నులాంటిదే. కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. వాడకం ఒక హద్దు దాటితే రేటు బాగా పెరిగిపోతుంది. పాత బిల్లులు పారేయకండి, అడ్రసు రుజువుగా ప్రతి ఆఫీసులోనూ అదే అడుగుతారు.

ఇప్పుడు సంత గురించి. దీన్ని తియాంగిస్ అంటారు, స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న నావాత్ల్ భాష మాట. వారానికోసారి వీధి మూసేసి గులాబీ రంగు, నీలం రంగు టార్పాలిన్లు కట్టేస్తారు. నేను మొదటిసారి వెళ్ళి నిలబడి చూసింది ఏమిటో చెప్తాను. జామకాయలు, బొప్పాయి, సీతాఫలానికి చుట్టాలు రెండు మూడు రకాలు, కుప్పలుగా పచ్చిమిరప, టమాటా, గుమ్మడి, చిలగడదుంప, సీమ వంకాయ, తొక్కతోనే అమ్మే చింతకాయలు. మామిడికాయ చెక్కి ఉప్పూ కారం జల్లి పుల్లకి గుచ్చి ఇస్తున్నారు! తర్వాత తెలుసుకున్నాను, ఇందులో చాలావరకు అటువైపు పుట్టి మన ఆకులోకి వచ్చినవే. మిరపకాయ అక్కడిదే. టమాటా, కోకో అన్న మాటలు వాళ్ళ నావాత్ల్ నుంచే వచ్చాయి, సపోటా కూడా ఆ భాషలో త్సపోత్ల్. మన కోనసీమ కొబ్బరితోటల్లో నీడన పెంచే కోకో చెట్టు పూర్వం వాళ్ళ దేవతల పానీయం. మా ఆయన అయితే చేపల బజారులో రొయ్యల గంప ముందు ఆగిపోయారు. భీమవరం చుట్టుపక్కల 2009 తర్వాత చెరువులన్నీ నింపేసిన వనామీ రొయ్య సొంతిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న ఆ పసిఫిక్ తీరమే. "ఇన్నాళ్ళూ మేత వేసిన దాని పుట్టింటికొచ్చానే" అన్నారు, ఆరోజు నుంచి ఆయనకి ఆ ఊరి మీద బెంగ పోయింది.

సంతలో పద్ధతి ఇది. ముందు పలకరించండి, తర్వాత ధర అడగండి. పొద్దున్నయితే బ్వేనోస్ దియాస్, మధ్యాహ్నం దాటితే బ్వేనాస్ తార్దేస్, చీకటి పడితే బ్వేనాస్ నోచెస్. పలకరించకుండా "ఎంత?" అంటే వాళ్ళకి మనం మొరటుగా కనిపిస్తాం. మొదట ఒక చుట్టు తిరిగి ధరలు చూసుకోండి, తర్వాత ఒకామె దగ్గరే ప్రతివారం కొనండి. నాలుగో వారానికి ఆమె మీకు పిలోన్ వేస్తుంది. పిలోన్ అంటే కొసరు. మన కూరగాయలమ్మి తూకం అయ్యాక గుప్పెడు కొత్తిమీర సంచిలో పడేస్తుందే, అచ్చం అదే. నాకు మొదటిసారి రెండు నిమ్మకాయలు, ఒక కట్ట కొత్తిమీర పడ్డాయి. ఇంటికొచ్చి అబ్బాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

వంటకి ఏది బదులు ఏది వాడాలో నా అనుభవం. ఎండుమిర్చికి చిలే దె ఆర్బోల్. పచ్చిమిరపకి సెర్రానో. హలపేన్యో మనకి చప్పగా ఉంటుంది, ఆబనేరో మాత్రం పావు కాయతో మొదలుపెట్టండి. బెల్లానికి పిలోన్సియ్యో అని శంకువులా పోతపోసిన చెరుకు బెల్లం దొరుకుతుంది, పాయసానికి బాగుంటుంది. కూర అరటికాయకి ప్లాతానో మాచో పచ్చిది. తోటకూర, గంగవాయల కూర లాంటి ఆకులు వానాకాలంలో పుష్కలం. పెరుగుకి చక్కెర లేనిదని చూసి కొని అదే తోడు పెట్టుకోండి. మినపప్పు, కందిపప్పు, కరివేపాకు సంతలో కనబడవు. పప్పులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, కరివేపాకు ఎండబెట్టి పొడి పట్టుకెళ్ళండి. విత్తనాలు, మొక్కలు, పచ్చి కాయలు మాత్రం సూట్‌కేసులో పెట్టొద్దు, ఆపేస్తారు.

గోంగూర సంగతి విడిగా చెప్పాలి. అక్కడ ప్రతి హోటల్లో ఎర్రటి షర్బత్ ఇస్తారు, అగ్వా దె హమైకా అని. ఒక గుక్క తాగగానే నాకు నాలిక మీద పులుపు తెలిసింది కానీ పేరు తట్టలేదు. ఎండబెట్టిన ఎర్ర రేకులు పావు కిలో కొని ఇంట్లో నానబెట్టి చూస్తే, అది గోంగూర కాయ మీద ఉండే ఎర్ర తొడిమే! మొక్క అదే, మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు తొడిమ తాగుతారు. అప్పటి నుంచి పచ్చడి ఇలా చేస్తున్నాను. రేకుల్ని వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్ళు సగం వంచేసి షర్బత్‌కి ఉంచుకుని, రేకులు గట్టిగా పిండి నూనెలో మగ్గించాలి. ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు, ధనియాలు, వెల్లుల్లి వేయించి కలిపి రోట్లో నూరాలి. రోలు కూడా కొనుక్కోండి, నల్లరాతిది, మూడు కాళ్ళుంటుంది, మొల్కహేతే అంటారు, మిక్సీ లేని లోటు తీరుతుంది. ఉల్లిపాయ ముక్కలు, వేడి అన్నం, నువ్వుల నూనె. ఆకుకున్న జిగురు రాదు కానీ పులుపు మాత్రం అదే పులుపు.

బయట తినేటప్పుడు జాగ్రత్త. "కార్నె" అంటే వాళ్ళ లెక్కలో ముఖ్యంగా గొడ్డుమాంసం, కాబట్టి "కార్నె వద్దు" అంటే నిశ్చింతగా కోడి పెట్టేస్తారు. కార్తీకమాసంలోనో వారం ఉన్నరోజో అయితే విడివిడిగా చెప్పాలి, "నీ పొయ్యో, నీ పెస్కాదో, నీ హమోన్", అంటే కోడీ వద్దు, చేపా వద్దు, పంది ముక్కలూ వద్దు అని. మాంసం తినేవాళ్ళు కూడా "రెస్" అంటే గొడ్డుమాంసం, "సెర్దో" అంటే పంది అని గుర్తుపెట్టుకోండి. శాకాహారులు అన్నం, చిక్కుడుగింజల ముద్ద చూసి మోసపోవద్దు, అన్నం చాలాచోట్ల కోడి పులుసునీళ్ళతో వండుతారు, గింజల్లో పంది కొవ్వు వేస్తారు, దాన్ని మాంతెకా అంటారు, "సిన్ మాంతెకా" అని అడగండి. పెద్ద భోజనం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తింటారు, చిన్న హోటళ్ళలో సూపు, అన్నం, కూర, షర్బత్ కలిపి ఒకే ధరకి పెడతారు, మన మెస్ భోజనం లాగానే. పక్క టేబుల్ దాటి వెళ్తూ తింటున్నవాళ్ళతో "ప్రొవేచో" అనాలి.

రొట్టెలకి మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్ళలో ఉడికించి, కడిగి రుబ్బుతారు. సున్నం అంటే తాంబూలంలో వేసుకునే సున్నమే. తోర్తియ్యా కొట్టు దగ్గర కిలో లెక్కన వేడివేడిగా ఇస్తారు, ఇంటినుంచి గుడ్డ పట్టుకెళ్ళి అందులో చుట్టి తెచ్చుకోవాలి.

భాషకి భయపడకండి. ఇంగ్లీషు కన్నా స్పానిష్ మన నోటికి సుళువు. అచ్చులు మనవే, ఆ ఏ ఈ ఓ ఊ, రాసింది రాసినట్టు పలుకుతారు, వాళ్ళ త, ద కూడా మన త, ద లాగా పళ్ళకి నాలిక తగిలేవే. చిన్నప్పుడు దిద్ది వదిలేసిన ఞ అక్షరం ఉంది చూశారా, దానికి వాళ్ళ దగ్గర రోజంతా పని, సెఞోరా, మఞానా అంటూ. నోటుబుక్కులో స్పానిష్‌ని తెలుగు లిపిలో రాసుకోండి, రోజుకి ఐదు మాటలు చాలు. నువ్వు, మీరు తేడా వాళ్ళకీ ఉంది, తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు, మన వయసువాళ్ళు అందరినీ ఉస్తేద్ అంటే ఎవరూ నొచ్చుకోరు. పిలిస్తే "మాందే?" అని పలుకుతారు, మన వైపు "ఆయ్!" అంటామే, ఆ మర్యాదే. "అవోరీతా" అంటే ఇప్పుడే అని నిఘంటువులో ఉంటుంది, కానీ ప్లంబరు అవోరీతా అంటే సాయంత్రం కావచ్చు, రేపూ కావచ్చు. టెన్షన్ పడకుండా ఏ రోజు, ఎన్ని గంటలకి అని మళ్ళీ అడగండి.

ఆరోగ్యం విషయంలో, ఇక్కడి డాక్టరుతో మందుల చీటీ మీద బ్రాండు పేరు కాకుండా అసలు మందు పేరు రాయించుకోండి, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ అలా. అక్కడ చివర చిన్న మార్పుతో అదే పేరు దొరుకుతుంది. చాలా మందుల షాపుల పక్కనే చిన్న డాక్టరు గది ఉంటుంది, జలుబూ జ్వరానికి తక్కువ ఫీజుతో చూస్తారు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. ప్రభుత్వ బీమా సంస్థ ఇమ్స్‌లో రెసిడెన్సీ ఉన్నవాళ్ళు డబ్బు కట్టి చేరొచ్చు కానీ, ముందే పెద్ద జబ్బు ఉంటే తీసుకోరు, కొన్నిటికి మొదట్లో వర్తించదు. కాబట్టి ఆస్పత్రి ఖర్చుకి కొంత డబ్బు వేరుగా పెట్టుకోండి. అత్యవసరమైతే 911. రాత్రిపూట వీధిలో టాక్సీ చెయ్యెత్తి ఆపకండి, యాప్‌లోనే బుక్ చేసుకోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. పెసోకి కూడా డాలరు గుర్తే వాడతారు, ధర చూసి గుండె ఆగనివ్వకండి. విదేశంలో స్థిరపడ్డాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్నారో (NRO) ఖాతాగా మార్చుకోవాలి, పెన్షన్ అందులో పడేలా చూసుకోండి. పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్టు ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు, దానికి ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు బతికుండాలి, ఆ సిమ్ రీఛార్జ్ మానకండి. ఇక్కడివాళ్ళకి ఫోన్ చేసే లెక్క తేలిక, మనం పదకొండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మర్నాడు పొద్దున్న ఏడున్నర. 2022 చివర్లో గ్వాదలహారాలో గడియారం మార్చే పద్ధతి తీసేశారు, కాబట్టి ఏడాదంతా ఇదే లెక్క.

పండగల్లో దూరంగా నిలబడి చూడకండి, కలవండి. అక్టోబరు 12న అమ్మవారి విగ్రహాన్ని గ్వాదలహారా కెథడ్రల్ నుంచి జపోపాన్ గుడికి తెల్లవారుజామునే ఊరేగిస్తారు, లక్షల జనం, రంగురంగుల ఈకలు కట్టుకున్న నాట్యగాళ్ళు. అంతర్వేది తీర్థం చూసినవాళ్ళకి ఆ తోపులాటా ఆ భక్తీ కొత్త కాదు. డిసెంబరు 16 నుంచి తొమ్మిది రాత్రులు పోసాదాస్, ఇంటింటికీ పాడుకుంటూ వెళ్తారు. సరిగ్గా మన ధనుర్మాసం మొదలయ్యే రోజులు. మా వాకిట్లో నేను ముగ్గు వేస్తే వీధి పిల్లలు వచ్చి రంగులు నింపారు.

కానీ అన్నిటిలోకీ నన్ను కదిలించింది నవంబరు 1, 2 తేదీల చనిపోయినవారి పండగ. వారం ముందు నుంచి సంత నిండా బంతిపూలే, కడియపులంక పూల మార్కెట్టు మొత్తం ఎవరో ఎత్తుకొచ్చి దింపినట్టు. బంతి కూడా అక్కడి పువ్వే, సెంపసూచిల్ అంటారు. ఇంట్లో మెట్లుమెట్లుగా బల్ల పెట్టి, మన బొమ్మల కొలువులా, పోయినవాళ్ళ ఫోటోలు, గ్లాసుతో నీళ్ళు, ఉప్పు, దీపాలు, సాంబ్రాణి లాంటి కొపాల్ ధూపం, వాళ్ళకి ఇష్టమైన వంటలు పెడతారు. వీధి నుంచి బల్ల దాకా పూరేకులు దారిలా పోస్తారు, వచ్చేవాళ్ళు తప్పిపోకుండా. రెండో ఏడు పక్కింటి పెద్దావిడ తన బల్ల మీద పక్కకి జరిపి కాస్త చోటు చూపించి, మీవాళ్ళవీ పెట్టు అంది. మా అత్తగారి ఫోటో పెట్టాను. ఆవిడకి ఇష్టమైనవి ఇత్తడి గ్లాసులో కాఫీ, రెండు సున్నుండలు. మినపప్పు ఆన్‌లైన్‌లో తెప్పించి పిలోన్సియ్యో కొట్టి చుట్టాను. మా ఆయన చాలాసేపు ఆ బల్ల ముందే నిలబడ్డారు. మహాలయ అమావాస్యకి ఊళ్ళో లేమన్న బాధ ఆయనకి ప్రతి ఏడూ ఉండేది.

జనవరి 6న చక్రంలాంటి తియ్య రొట్టె కోస్తారు, లోపల చిన్న బొమ్మ దాస్తారు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి, మొక్కజొన్న పిండిని పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి. ఈసారి మేం ఇక్కడున్నామని పక్కింటావిడ వీడియో కాల్ పెట్టి నా పేరున ఒక ముక్క కోసింది, బొమ్మ అందులోనే వచ్చింది. అందుకని జనవరి 28కి టికెట్ చేయించుకున్నాం. నిన్న అంబాజీపేట నుంచి మా తోడికోడలు పనసాకు పొట్టిక్కలు (ఆకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించేవి) తెచ్చింది, ఆకు ఎలా కుట్టిందో, పిండి ఎంతవరకు పోసిందో మళ్ళీ దగ్గర కూర్చుని చూశాను. పనసాకులు పట్టుకెళ్ళనివ్వరు కాబట్టి పొత్తి ఆకులే. వీధిలో పద్నాలుగు ఇళ్ళు, ఇంటికి నాలుగేసి చొప్పున యాభై ఆరు చుట్టాలి, అందులో సగం కొబ్బరీ బెల్లం పెట్టి చేద్దామనుకుంటున్నాను.